ఎంటర్ కొట్టే ముందు

గుంటూరులో కంప్యూటర్ క్లాసులో మాకు ఫాక్స్‌ప్రో నేర్పిన మాస్టారు ఈ మధ్యే పోయారు. ఆయన ఎంటర్ కొట్టే ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర మీద ఉన్నది పైకి చదివేవారు. ఆ తర్వాతే కొట్టేవారు. మాకు నవ్వొచ్చేది.

నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది. అక్కడ మిరపకాయల బస్తాలు దాచుకున్న రైతుల ఫైలు ఫ్లాపీలో తెచ్చి, క్లాసులో సరిచేసి, సాయంత్రం మళ్ళీ అక్కడి కంప్యూటర్లోకి ఎక్కించేది. ఒకరోజు ఒక పేరుకి డిలీట్ కొట్టి, ప్యాక్ అని టైపు చేసి, ఎంటర్ కొట్టబోయింది. డిలీట్ కొడితే పేరు పక్కన గుర్తు మాత్రమే పడుతుంది. ప్యాక్ కొడితే ఆ పేరు ఇక తిరిగి రాదు.

"చేతులు తియ్యమ్మా. ఎవరాయన?" అన్నారు మాస్టారు.

"మొన్న పోయారండి. పోయినాయన పేరు ఉంచకూడదంటారండీ మా ఓనరు గారు."

"మనిషి పోయాడు, సరే. బస్తాలు?"

"లోపలే ఉన్నాయండి."

"రేపు ఆయన భార్య వచ్చి అడిగితే ఏం చూసి ఇస్తారు? మీ ఓనరు మొహమా?"

ఆ అమ్మాయి ప్యాక్ చెరిపేసి రికాల్ కొట్టింది. గుర్తు పోయింది, పేరు నిలిచింది.

పెద్దకర్మ అయ్యాక ఆ రైతు భార్య వచ్చి బస్తాలన్నీ తీసుకెళ్ళిందట. ఆ అమ్మాయి సంతోషంగా చెప్పింది. మాస్టారు తలూపారు.

"అయితే ఇప్పుడు తీసెయ్యమ్మా."

ఆ అమ్మాయి మళ్ళీ డిలీట్ కొట్టింది. ప్యాక్ అని టైపు చేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ రైతు పేరు పైకి చదివింది.

ఎవరమూ నవ్వలేదు.