ముక్కుపుడక ఎత్తిపట్టిన మాస్కు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. వరంగల్లో ఒక దవాఖానలో నేను ఆయాను. కింది వార్డులో నా డ్యూటీ, పై అంతస్తులో మా ఆయన ఆక్సిజన్ మీద. దుప్పట్లు మారుస్తూ జపం చేసుకునేదాన్ని. మెట్ల మీద ఎవరైనా దిగిన చప్పుడైతే చాలు, ఏం కబురోనని జపం లెక్క మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని.

ఆ పొద్దున మాస్కు పెట్టుకోగానే కళ్లద్దాలు మసకబారాయి. తుడిచాను. మళ్లీ మసకే. పెద్ద సిస్టర్ చూసింది.

"అద్దాలకు ఆవిరి పట్టిందంటే పైనుంచి గాలి పోతాంది అక్కా. మాస్కు చుట్టూ చేతులు పెట్టి ఊదు."

ఊదాను. ముక్కు పక్కన అరచేతికి వెచ్చగా తగిలింది. పెళ్లినాడు మా అత్త పెట్టిన రాళ్ల ముక్కుపుడక మాస్కు అంచును ఎత్తిపట్టింది. మాస్కు ఎట్లా పెట్టుకోవాలో గోడ మీది కాగితంలో రోజూ చదివేదాన్నే. బడికి పోకున్నా మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలు అట్లా అక్కరకొచ్చాయి. పుడక మాట మాత్రం అందులో లేదు.

"తియ్యక్కా."

"ఆయన పైన గట్లున్నప్పుడా సిస్టరమ్మా?"

మొగుడుండగా ముక్కు బోడిగా ఉంచరాదని మా ఇళ్లల్లో పట్టింపు. అది ఆమెకూ తెలుసు.

"అయితే లోపటికి పోకు. తలుపు కాడ్నే ఉండు."

లోపల ఒక ముసలమ్మ నీళ్లు అడుగుతోంది. తలుపు దగ్గర ఊరికే నిలబడలేక ఆయనకు ఫోను చేశాను.

"ముక్కుపుడక తియ్యమంటాన్రు."

ఆయన ఊపిరి అందుకుంటూ అన్నాడు.

"తియ్యి. నా పానం నీ ముక్కుల ఉన్నదా?"

"గట్లనకు."

"నువ్వు సుత మంచంల పడితే... నాకు చాయ్ ఎవ్వలు పోస్తరే?" నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా నా కాలు ఒకచోట నిలవలేదు.

పుడక మర ఏళ్లుగా కదలక బిగుసుకుంది. సిస్టరే సబ్బునీళ్లు రాసి ఓపికగా తిప్పింది. భద్రకాళమ్మను తలుచుకుని పుడకను కొంగున ముడేశాను. చేతులు కడుక్కుని కొత్త మాస్కు పెట్టి, ముక్కు మీది తీగను వేళ్లతో అదిమి ఊదాను. ఎక్కడా గాలి తగల్లేదు. లోపలికి పోయి ముసలమ్మకు నీళ్లు పట్టాను.

నాకు జబ్బు అంటలేదు, ఆయన కోలుకుని ఇంటికొచ్చాడు. అమ్మవారి దయ, సిస్టర్ దయ. ఇందులో ఎవరి పాలు ఎంతో నేను విడదీయలేను, ఇద్దరికీ దండమే. ముక్కు కుట్టు పూడుకుపోయింది. పుడక అమ్మవారి పటం ముందుంది.

"మళ్లీ కుట్టించుకోరాదే, ఇప్పుడేం ఫికర్?" అంటాడు ఆయన.

చూద్దామంటాను. ఆయన ఏ కొంచెం దగ్గినా నా చేయి ఇప్పటికీ కొంగు ముడి వెతుక్కుంటుంది.