మూడు ఖాళీ గళ్ళు

బడి మొహం చూడకుండా అక్షరాలు నేర్చినవాణ్ణని, పందొమ్మిది వందల అరవైల్లో మా పల్లె పెద్దలు నాచేతనే అర్జీ రాయించినారు. విధవ మస్తానమ్మ పడవలకు ఎదురొస్తే వలలు ఖాళీగా వస్తున్నాయి, ఆమెను ఊరు దాటించాలి అని.

నెల్లూరు బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే అయ్యవారు దాన్ని చదివి, వెనకవైపు నాలుగు గళ్ళు గీసినాడు.

“ఆమె ఎదురొచ్చింది, వల ఖాళీ. ఈ ఒక్క గడే నింపినావన్నా. ఎదురొచ్చినా చేపలు పడిన రోజులేవి? రాని రోజుల్లో పడినవెన్ని, పడనివెన్ని?”

“అవన్నీ ఎవరు చూస్తారయ్యా! అర్జీ పాడుచేసినావే!” అని అరిచినాను.

“చూడకుండానే ఆమె గుడిసె పీకిస్తారా?”

బస్సు ఆగింది. కలెక్టరు కచేరీ మెట్ల మీద ముందే వచ్చి కాచుకున్న మా పల్లె పెద్దలు అర్జీకోసం చేతులు చాచినారు. నేనివ్వలేదు.

“ఆమె దగ్గర ఎంత తిన్నావురా?” అన్నారు.

ఇప్పటికీ నా ఒళ్ళు మండేది ఆ మాటకు కాదు, ఆ అర్జీలోని నా గుండ్రటి చేతిరాతకు.