మేడమ్ నేర్పిన టెస్ట్ మెయిల్

మంగళగిరి బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. "అమ్మ పోయిందండీ," అంది మా మేడమ్ కూతురు. అంతకుముందు ఆదివారమే మాట్లాడాను ఆవిడతో. దగ్గుతూనే, "సర్వర్ ఎలా ఉంది?" అని ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగారు. ఇక ఆవిడ పేరును ఆ సర్వర్లోంచి తీసేయాల్సింది నేనే. ఆ సంగతి బస్సు దిగకముందే తట్టింది. మనసు ఒప్పుకోలేదు.

బెజవాడలో మేం పనిచేసే కాలేజీ మెయిల్ సర్వర్ ఆవిడ చేతుల మీదే నడిచేది. ఆ సర్వర్‌ను నడిపే లినక్స్‌లో నాకు అక్షరాభ్యాసం చేసింది ఆవిడే. నాకు తొందరెక్కువ. ఏది మొరాయించినా రీస్టార్ట్ కొట్టేసేవాణ్ణి. "జ్వరమొచ్చినోణ్ణి లేపి కూర్చోబెడితే జ్వరం తగ్గుద్దా నాన్నా? ముందు లాగ్ చదువు," అనేవారు. సర్వర్ తను చేసిన ప్రతి పనీ రాసుకునే ఫైలే లాగ్.

ఓసారి హాల్‌టికెట్ల మెయిళ్లు ఒక్కటీ బయటికి వెళ్లలేదు. మర్నాడే పరీక్ష. తల్లిదండ్రుల ఫోన్లు, ప్రిన్సిపాల్ గారి కేకలు. ఆవిడ కుర్చీ లాక్కుని లాగ్‌ను పైకి చదవడం మొదలుపెట్టారు, మనవరాలికి కథ చదివినంత నింపాదిగా. సెట్టింగుల ఫైల్లో ఎవరో ఒక లైను మొదట్లో ఖాళీ వదిలారు. ఖాళీతో మొదలైన లైనును సర్వర్ పై లైనుకు కొనసాగింపు అనుకుంటుంది. రెండూ కలిసిపోయి అర్థం చెడింది. ఆ ఖాళీ తీసేయగానే ఆగిన మెయిళ్లన్నీ బయల్దేరాయి.

"ఎవరు చేశారిది?" అని ప్రిన్సిపాల్ గారు గద్దించారు.

"ఎవరైతే ఏముందిలెండి, పిల్లలు పరీక్ష రాస్తారు కదండీ," అన్నారు మేడమ్.

బాగుచేశాక టెస్ట్ మెయిల్ పంపడం మామూలే. మేమంతా "టెస్ట్" అని కొట్టి ఊరుకుంటాం. ఆవిడ ఊరుకునేవారు కాదు. "చదివేది మనిషే కదా, ఒక్క మాటైనా రాయండి," అనేవారు. "గుణదల తిరునాళ్ల జనం, ఆటో దొరక్క నడిచొచ్చాను" అని ఓసారి రాశారు. "గోంగూర మాడింది, ఎవరికీ చెప్పకు" అని ఇంకోసారి. మీరు నవ్వినా సరే, అవన్నీ దాచుకున్నాను.

ఎవరైనా ఉద్యోగం మానేస్తే, వాళ్ల అకౌంట్ తీసేసి అదే చిరునామాకు ఒక మెయిల్ పంపించేవారు. "అది అందక తిరిగి రావాలి. వస్తేనే పని సరిగ్గా అయినట్టు," అనేవారు.

పోయిన వారం ఆఫీసు నుంచి ఆవిడ అకౌంట్ తీసేయమని ఆదేశం రానే వచ్చింది. ఈ పని ఇంకెవరికైనా పడితే బాగుండుననిపించింది. కానీ ఆవిడ పేరును ఎవరో గబగబా తుడిచేయడం నాకిష్టం లేదు. ఆవిడ సొంత మెయిళ్లు కూతురికి అందజేసి, నింపాదిగా తీసేశాను. తర్వాత ఆ చిరునామాకే రాశాను: "మేడమ్, ఇవాళ గోంగూర తెచ్చుకున్నాను. మాడలేదు. మీరుంటే బాగుండేది."

నేనే ఎక్కడో ఏదో తప్పు చేసి ఉండాలని ఆశపడ్డాను. క్షణంలో మెయిల్ తిరిగొచ్చింది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరట. లాగ్‌ను మొదటి నుంచి పైకి చదివాను. ఒక్క తప్పూ దొరకలేదు.