పుల్లమ్మకు పంతొమ్మిది

నిరుడు మిర్చి రెండో కోత మధ్యలో పుల్లమ్మను ముఠాలోంచి తీసేశారు. పాతికేళ్లుగా మిరప కోస్తున్న మనిషి. పని మీద ఆమెకున్న ఉత్సాహం వందకు పంతొమ్మిదేనని ఫోన్ తేల్చింది. ఆ అంకె చదివి వినిపించింది నేనే.

అద్దంకి దగ్గర పొలం కౌలుకు చేస్తున్న చైతన్యకృష్ణ కూలీల మణికట్లకు బ్యాండ్లు కట్టించాడు. బస్తా తూచేటప్పుడల్లా బ్యాండ్ చూపించాలి. గంటగంటకూ ఎవరి తూకం ఎంత తగ్గిందో చూసి, ఎవరిలో ఎంత ఉత్సాహం మిగిలిందో ప్రోగ్రాం చెబుతుంది. మర్నాడు ఎవరిని పిలవాలో కూడా అదే చెబుతుంది. దానికీ ఒక అంకె ఉంది. అంచనా ఫలిస్తే పెరుగుతుంది, తప్పితే తరుగుతుంది. మరీ పడిపోతే కొత్త ప్రయత్నం మానేసి పాత జాబితానే చూపిస్తుంది. ఇంటర్ తప్పి, దొరికిన పుస్తకమల్లా చదివిన నన్ను దాని దగ్గర పెట్టారు. మనుషుల సోమరితనం గురించి నాకప్పటికే గట్టి అభిప్రాయాలుండేవి. మధ్యాహ్నం దాటితే పుల్లమ్మ పేరు మీద కాయ పడేది కాదు మరి.

"పంతొమ్మిదా! బడికెళ్లినా నాకన్ని మార్కులు వచ్చేవి కావురా ఫిలిప్!" అని నవ్వి బ్యాండ్ విప్పి ఇచ్చింది. గట్టు ఎక్కాక మాత్రం ఆగి, సాళ్ల వైపు చాలాసేపు చూసింది.

నాలుగు రోజుల్లో అందరి అంకెలూ పడిపోయాయి. ప్రోగ్రాంది తొమ్మిదికి దిగింది. ఏం జరుగుతోందో చూద్దామని చేలోకి వెళ్లాను. అందరూ ముగించాకే కొత్త సాళ్లు పడతారు గనక, సాళ్లు అయిపోయినవాళ్లు గట్టు మీద కూర్చున్నారు. చెయ్యి నెమ్మదైన రెబ్కా ఒక్కతే సాలు మధ్యలో ఉంది.

"ఏంటక్కా, నువ్వింకా ఇక్కడే?"

"పుల్లమ్మక్క ఉంటే తన సాలు అవగొట్టుకుని, అటు చివర్నుంచి నాకెదురు కోసుకుంటా వచ్చేది తమ్ముడూ. కాయలు నా బస్తాలోనే పోసేది. ఆవిణ్ని చూసి మిగతావాళ్లూ లేచేవాళ్లు. ఇప్పుడెవరి బ్యాండ్ వాళ్లదేగా!"

చైతన్యకృష్ణకు చెప్పాను. "మరి ఇన్నాళ్లూ మనం కొలిచిందేంటిరా?" అని తల పట్టుకుని, పుల్లమ్మను తీసుకురావడానికి బండేసుకుని తానే వెళ్లాడు.

బండి దిగకముందే పుల్లమ్మ గొంతు వినబడింది. "ఏమే రెబ్కా, పెళ్లికూతురివా, అడుగులో అడుగేసుకుంటా? కదులు!" ఆడవాళ్ల నవ్వులు రోడ్డు దాకా వినిపించాయి. ఆ సాయంత్రం ఏ సాలులోనూ ఎవరూ ఒంటరిగా మిగల్లేదు.

ముఠా మొత్తానికి ఒకే అంకె వచ్చేలా లెక్క మార్చాను. వారం తిరిగేసరికి ప్రోగ్రాం అంకె కూడా లేచింది. తప్పో ఒప్పో, ఎవరికి ఎవరు ఎదురు కోయాలో కొత్త జతలు సూచించడం మొదలుపెట్టింది. ఆ సూచనలు చదువుతుంటే ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది.

ఆ కోతల్లో పుల్లమ్మను చివరిసారి కల్లంలో చూశాను. ఎండబోసిన కాయలు తిరగేస్తోంది.

"అత్తా, మన ముఠా అంకె ఎంతకెళ్లిందో తెలుసా?"

మిర్చి ఘాటు అంటిన చేతిని ఫోన్ మీద అడ్డం పెట్టింది.

"చెప్పమాకరా. తెలిస్తే రేపట్నుంచి దానికోసం కోస్తా. ఇప్పుడు రెబ్కా కోసం కోస్తన్నా, హాయిగా ఉంది."