ఎండల సంఘమూ, బావ చెరకు చేనూ

డాబా మీద ఆరేసిన మీ తెల్ల పంచె మీద నల్లటి నుసి వచ్చి పడితే మీరేం చేస్తారు? దులుపుకుని లోపలికి పోతారు, అంతేనా? అనకాపల్లిలో నెరిసిన తల ఉన్న ప్రతివాడికీ ఆ నుసి తెలుసు. చెరకు కోతల కాలంలో అది మన ఊరి మీద పడుతూనే ఉంటుంది, మనం దులుపుకుంటూనే ఉంటాం.

ఈ రోజు పొద్దున్న అలాంటి నుసి రేకొకటి, వేలెడు పొడవున, ఆకు మీది గీతలు కూడా చెదరకుండా నల్లబడ్డది, నేను చదువుతున్న పేపరు మీద వాలింది. వేలు తగిలించగానే పొడి అయిపోయింది. మామూలు రోజైతే ఊదేసి పేజీ తిప్పేవాణ్ణే గానీ, అంతకు కాసేపటి ముందే మా చెల్లెలు ఫోను చేసి, “అన్నియ్యా, ఇయాల మీ బావ సేను తగలెడతన్నాడు. నువ్వు ఫోను సెయ్యకు, ఎత్తడు” అని చెప్పి పెట్టేసింది. మునగపాక దారిలో ఉన్న వాళ్ల ఊరికీ మా డాబాకీ మధ్య శారద నదీ కాసిని పొలాలూ తప్ప అడ్డేమీ లేదు. ఆ రేకు మా బావ చేనుదే అయ్యుండొచ్చు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో చెరకు ఆకు తగలెయ్యనని మాకు మాటిచ్చిన ఒకే ఒక్క రైతు ఆయన.

ఈ సంగతి చెప్పాలంటే నా కుర్రతనం దాకా వెళ్లాలి, ఓపిక పట్టండి. మేము కాలేజీ విడిచిన కొత్తలో మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించాం. గ్రహణం పట్టే వేళకు బజారు కూడలిలో బల్ల వేసుకుని, నేనూ మా జతగాడూ అందరూ చూస్తుండగా ఇడ్లీలు తినేవాళ్లం. మా మీద పేడనీళ్లు పడ్డాయి, ఇంట్లో తిట్లు పడ్డాయి. బెల్లం కొట్టులో గుమాస్తాగా చేసే ఒక పెద్దాయన చేతికర్ర నేలకేసి కొడుతూ మాతో గంటల తరబడి వాదించేవాడు. రాహువు లేడంటే పగలు చీకటెందుకు పడిందో చెప్పమనేవాడు, చెబితే ఆలోచించి మర్నాడు కొత్త ప్రశ్నతో వచ్చేవాడు. మా దగ్గరున్న సాక్ష్యం మాత్రం చాలా చిన్నది. గ్రహణం విడిచేది, మేము బతికే ఉండేవాళ్లం, మర్నాడు అదే కూడలిలో నడిచి వెళ్లేవాళ్లం. అంతకు మించి రుజువు అక్కర్లేకపోయింది. ఊరంతా మారిందని అనను గానీ, ఇప్పుడు గ్రహణం రోజున కూడా మన ఊళ్లో టీకొట్లు తెరిచి ఉంటున్నాయంటే అందులో మా ఇడ్లీల వంతు కొంత ఉందని ఈ వయసులోనూ గర్వపడుతుంటాను.

ఆ గర్వంతోనే కిందటేడు కాక అంతకు ముందు వేసవిలో మా మేనకోడలు పిలిస్తే మళ్లీ రంగంలోకి దిగాను. ఆ పిల్ల అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది, తెల్లారకుండా కంపెనీ బస్సెక్కుతుంది. ఆ వేసవిలో వాళ్ల నాన్న, అంటే మా బావ, ఎండదెబ్బకు చేలో కూలబడిపోతే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చాం. మనిషి తేరుకున్నాడు గానీ పిల్ల తేరుకోలేదు. “మావయ్యా, గ్రహణాల మీద అన్నేళ్లు అరిసేరు కదా, ఈ ఎండ మీద అరవరేటి?” అంది. మా డాబా మీద డజను మందిమి చేరి సంఘం పెట్టాం. మేము పెట్టుకున్న పెద్ద పేరు ఎవరికీ నోరు తిరగలేదు. టీకొట్టువాడు ‘ఎండల సంఘం’ అన్నాడు, అదే స్థిరపడింది. నేను అటు వెళితే చాలు, “ఏటి మాస్టారూ, ఇయాల ఎంత తగ్గించేరు?” అని గ్లాసు అందించేవాడు.

కరపత్రాలు పంచాం, ఊరేగింపు చేశాం, బెల్లం మార్కెట్లో సభ పెట్టాం. నేను పాత అలవాటు కొద్దీ ఎదురుదాడికి సిద్ధపడి వెళ్లాను, జేబు నిండా జవాబులతో. ఒక్కడూ ఎదురు చెప్పలేదు! వర్తకులు ఔనన్నారు, అధికారి ఒకాయన ఏసీ గదిలోంచి వచ్చి మాకన్నా గట్టిగా మాట్లాడి మళ్లీ ఏసీ గదిలోకి వెళ్లిపోయాడు, చివర్లో మాకందరికీ శాలువాలు కప్పారు. ఆ ఎండలో శాలువా! అందరూ ఔనని తలూపిన ఊళ్లో మరుసటి వారం ఒక్క చెట్టు కొట్టడం ఆగలేదు, ఒక్క చేను కాల్చడం ఆగలేదు. ఆ ఏడంతా మాతో సూటిగా మాట్లాడింది ఇద్దరే ఇద్దరు. పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ నా కరపత్రం వెనక్కిచ్చేసి, “నాకెందుకు బాబూ ఈ కాయితం, సముద్రానికియ్యి. మా గుడిసెల కాడికి వచ్చేసింది అదీ” అంది. మా మేనకోడలితో బస్సులో పక్క సీటు పిల్ల, “మందుల కంపెనీ జీతం తింటా గాలి గురించి సెప్తావేటే?” అంది. ఆ రాత్రి మేనకోడలు అన్నం తినలేదని మా చెల్లెలు చెప్పింది. నాకైతే ఆ బస్సు పిల్లను కూడా సంఘంలో చేర్చుకోవాలనిపించింది. గుమాస్తా పెద్దాయన తర్వాత నాకు అంత మంచి ప్రశ్న వినబడలేదు.

అప్పుడు మేనకోడలే తేల్చేసింది, ఔననేవాళ్ల దగ్గర మాట్లాడడం మానేద్దాం, ఒక్క చేను కాలకుండా ఆపి చూపిద్దాం అని. నాకు ప్రాణం లేచివచ్చింది. అదీ మా పాత పద్ధతే కదా, కూడలిలో ఇడ్లీ తిన్నట్టే!

చెరకు పండించని పాఠకులకు ఒక మాట. చెరకు కొట్టేశాక చేలో మోకాలెత్తున ఎండుటాకు మిగులుతుంది. మోళ్ల నుంచి మళ్లీ పిలకలు లేస్తే అదే మరుసటి పంట, దాన్ని కార్సి తోట అంటాం. నిప్పు తగిలితే పిలకలు ఒకేసారి లేస్తాయనీ, ఎలుకలు పోతాయనీ, తాతల నాటి నుంచీ అలాగే చేస్తున్నామనీ, కోత అయిన చేనుకి అయినట్టు నిప్పు పెడతారు. ఆకు అలాగే వదిలేస్తే నేలలో తడి నిలుస్తుంది, పొగ ఉండదు, మండే వేసవిలో పిలకలకు నీడ దొరుకుతుంది. ఇదంతా మేము బావకు విడమరిచి చెప్పాం. ఆయన చాలాసేపు చెవి గోక్కుని, “నువ్వు సెప్తే ఇంటానేటి బావా? నా కూతురు సెప్పింది కాబట్టి ఇంటన్నాను” అన్నాడు.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఊరంతా నల్లగా కాలిన చేల మధ్య ఆయన చేను ఒక్కటే గడ్డి పరుపులా గోధుమ రంగులో పడుకుని ఉండేది. దారిన పోయేవాళ్లు, “ఏటిరా, అగ్గిపెట్టె కొనుక్కోడానికి డబ్బుల్లేవా?” అని ఎకసెక్కాలాడేవారు. కొన్నాళ్లకు ఆ ఆకును చీల్చుకుని పిలకలు లేచాయి, నీరు పెట్టడం ఆలస్యమైనా వాడలేదు. మా సంఘం మొత్తం ఆటోల్లో వెళ్లి చూసింది. చెల్లెలు అందరికీ చెరకు రసం పోసింది. మా జతగాడు గట్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెడితే బావ, “సూడండి, సూసి పొండి, సెప్పకండి” అని నోరు మూయించాడు. నా ముసలితనంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి గుర్తు లేదు.

బావ చేనుకి ఆనుకుని వాళ్ల పెదనాన్న కొడుకు చేను ఉంది, ఆయన్ని నేను పెద్దబావ అంటాను. ఆయనకు కోత కూలీలు దొరక్క అందరికన్నా ఆలస్యంగా కోత ముగిసింది. ముగియగానే ఏటేటా చేసినట్టే నిప్పు పెట్టి, ఏటేటా చేసినట్టే టీ తాగడానికి ఊళ్లోకి వెళ్లాడు. మన వైపు ఎవరూ మంటకు కాపలా ఉండరు, ఎందుకంటే ఆ అవసరం ఏనాడూ రాలేదు. చుట్టూ చేలన్నీ ముందే కాలి బోడిగా ఉంటాయి, మంట గట్టు దాకా వచ్చి తినడానికేమీ లేక చచ్చిపోతుంది. ఈసారి గట్టు అవతల మోకాలెత్తున ఎండుటాకు ఉంది. పిలకలతో సహా చేనంతా టీ తాగినంత సేపట్లో అయిపోయింది. ఒక చేని పొగ ఆ చేని గట్టు దగ్గర ఆగదని ఏడాది పొడుగునా ఊరూరా అరిచిన సంఘం మాది! గట్టు వెంబడి నాలుగడుగుల మేర ఆకు ఎత్తించి ఉంచాలని మాలో ఒక్క బుర్రకు తట్టలేదు.

నేను వెళ్లేసరికి పెద్దబావ తలకున్న తువ్వాలు విప్పి ముఖం కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. “నానేటి సేసేను బావా? ఏటేటా కాల్సినట్టే కాల్సేను. ఈడు కాల్చుకోడని నాకు గేపకం ఉంటదేటి?” అన్నాడు. మా బావ ఆయన్నీ తిట్టలేదు, నన్నూ తిట్టలేదు, కూతుర్ని మాత్రం, “ఎల్లు, బస్సుకి టయిమయింది” అని పంపేశాడు. ఊరు ఊరుకుంటుందా? “తగలెయ్యనోడి సేనే తగలడింది” అనే మాట మర్నాటికల్లా మునగపాక సెంటరు దాటి అనకాపల్లి టీకొట్టు దాకా నాకన్నా ముందే వచ్చేసింది. నా జీవితంలో మూఢనమ్మకాలను చాలా ఓడించాను గానీ ఈ మాటను ఓడించే వాదం నా దగ్గర లేదు, ఎందుకంటే అది నిజం.

ఆ మోళ్లలో కొన్ని మళ్లీ చిగిర్చాయి, చాలా చిగిర్చలేదు. పళ్లూడిన నోరులాంటి ఆ తోటనే బావ ఏడంతా సాకాడు, ఆ వేసవి ఎండలో మళ్లీ ఆ చేలోనే నిలబడి. సంఘానికి ఏడాది నిండిన రోజున మా డాబా మీదికి ముగ్గురం వచ్చాం, నేనూ, జతగాడూ, మేనకోడలూ. ఏం సాధించామని ఆ పిల్ల అడిగింది. మా జతగాడు శాలువా అన్నాడు. తర్వాత మళ్లీ సమావేశం జరగలేదు, మానేద్దామని ఎవరూ అనలేదు కూడా. ఇవాళ బావ తన చేనుకి తనే నిప్పు పెట్టుకున్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. మళ్లీ ఒక్కడిగా ఉండమని అడిగే ముఖం నాకు లేదు.

ఒక్కడు ఇడ్లీ తిని బతికి చూపిస్తే చాలిన కాలం పోయింది. ఇక్కడ ఒక్కడు మంచి చేస్తే ముందు కాలేది వాడే. కర్ర నేలకేసి కొట్టే ఆ గుమాస్తా పెద్దాయన నాతో విభేదించినంత శ్రద్ధగా ఈ ఊళ్లో నాతో ఏకీభవించినవాడు ఒక్కడూ లేడు. ఆయనే ఉండి ఉంటే ఎండలు ముదరలేదని కర్ర కొట్టి వాదించి, ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే బావ గట్టు మీద ఆకు ఎత్తుతూ కనిపించేవాడని నాకెందుకో నమ్మకం. గెలుస్తామన్న ఆశతో నేనిది రాయడం లేదు. సాయంత్రానికి మా డాబా మీద నుసి ఇంకా పడుతూనే ఉంది.

మీలో చాలామందికి ఊళ్లో చేను ఉంది. మీరు పట్నంలో ఉండి కౌలుకిచ్చినా చేను మీదే, చేను లేకపోతే చేనున్న బావో మామో ఉన్నాడు. నాతో ఔననకండి, దయచేసి తలూపకండి. ఈ కోతల్లో మీ చేను కాల్చొద్దని చెప్పి, ఆ మాటతోనే ఆగకుండా గట్టు అవతలి నాలుగు చేల వాళ్లనీ ఒక చోట కూర్చోబెట్టి ఒప్పించండి, ఒప్పుకోనివాడు నిప్పు పెట్టే రోజున వెళ్లి ఆ గట్టు మీద నిలబడి ఆకు ఎత్తండి. పంచె దులుపుకోకండి. ఆ నుసితోనే బయల్దేరండి.