డల్సీ ఏరిన ఆపిల్ పళ్ళు

భూగోళానికి దక్షిణపు కొసన, జులైలో చలీ జనవరిలో ఎండా ఉండే మా హ్యూవన్ లోయలో ఆపిల్ చెట్టు లేని ఇల్లు లేదు. ఆపిల్ సంగతి తనకు తెలియదని ఒప్పుకునే మగవాడూ లేడు. అయినా ఏ పండు ఎందుకు పనికొస్తుందన్న పేచీ వచ్చిందంటే మాత్రం అందరూ చచ్చినట్టు డల్సీ కైల్ ఇంటి వరండా మెట్లు ఎక్కాల్సిందే.

"ఆపిల్ పై చేయాలంటే గ్రానీ స్మిత్ రకం. ఓవెన్లో ఎంతసేపున్నా ముక్క ముక్కలాగే ఉంటుంది. అవి పండేదాకా ఆగలేరా, ఫిబ్రవరిలో గ్రావెన్‌స్టీన్ ఉంది, పులుపూ తీపీ రెండూ దాంట్లోనే. ఆల్‌ఫ్రిస్టన్ వేడి తగిలితే పొంగి నురగైపోతుంది, గుజ్జుకి తప్ప దేనికీ వాడకండి. ఫ్యానీ పళ్ళా? బడికెళ్ళే పిల్లల సంచుల్లో వెయ్యండి. వాటిని వండి దూది నమిలినట్టుందని నన్ను తిట్టకండి" అనేది.

ఇవన్నీ ఎవరైనా కంఠతా పట్టి చెప్పొచ్చు. డల్సీ గొప్పతనం అది కాదు. పండును ముక్కు కింద పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. "చెట్టుమీద ఇంకో వారం ఉండాల్సింది" అనేది. "ఇది లోపల కుళ్ళింది, కొయ్యి" అనేది. కోస్తే నిజంగానే గింజల దగ్గర నల్లగా ఉండేది. ఆపిల్ పండు పక్కనున్న వాసననల్లా పీల్చుకునే రకం. ఓసారి ఆడపడుచు థెల్మా తెచ్చిన పళ్ళను అల్లంత దూరం నుంచే ఆపేసింది.

"ఉల్లిపాయల పక్కన పెట్టావు కదూ వదినా?"

"ముక్కా అది, వేటకుక్క ముక్కు!" అంది థెల్మా ఒళ్ళు మండి.

"నీ అంత పొడుగు ముక్కు దేవుడు నాకివ్వలేదులే. ఉన్నదాన్నే వాడుకుంటున్నా."

ఆ మాట పట్టుకుని లోయంతా ఏడాదిపాటు నవ్వుకుంది. థెల్మా మాత్రం నవ్వలేదు.

అలాంటి డల్సీకి జులై చలిలో జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీద ఉంది. లేచి మొదటిసారి టీ కాచుకుంటే అది వేడినీళ్ళలా ఉంది. జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకుంది. జలుబు తగ్గింది. వాసన రాలేదు. సబ్బు, కాఫీ, తడి నేల, భర్త పొగాకు, ఏదీ లేదు. నాలుక మీద పులుపు తెలుస్తోంది, తీపి తెలుస్తోంది, అంతే.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అక్కడ మందులిచ్చే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే ఏమవుతుంది? జాలిపడతారు. జాలిపడి పళ్ళు తేవడం మానేస్తారు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ వరండాలో ఊరికే కూర్చోవడం తలుచుకుంటే డల్సీకి భయమేసేది. అందుకని నటించడం మొదలుపెట్టింది. పండు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది, ఆ మూసిన కళ్ళ వెనక భయంతో లెక్కలు వేసుకునేది. బొటనవేలితో తొడిమ పక్కన నొక్కేది. చిన్న ముక్క కోసి, కత్తి దిగిన చప్పుడు వినేది. గింజల రంగు చూసేది. ముక్క నాలుక మీద వేసుకుని పులుపెంతో తేల్చుకునేది. ఏడు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు.

పళ్ళ విషయంలో మోసం చేయొచ్చు. కట్టెల పొయ్యితో ఎలా? మా వైపు ఎండాకాలమంటే నీలగిరి చెట్ల అడవి ఎప్పుడంటుకుంటుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికే కాలం. మంట కనబడటానికి చాలా ముందే పొగ వాసన వస్తుంది. ఆ వాసనే మమ్మల్ని బతికిస్తుంది. డల్సీ అరగంటకోసారి పని వదిలి వరండాలోకి వచ్చి కొండ వంక చూసేది. లోపలికి వెళ్ళి పొయ్యి చూసేది. పొగగొట్టం తడిమేది. మళ్ళీ కొండ చూసేది.

జనవరిలో ఓరోజు అలా చూసి వచ్చేసరికి, పొయ్యి పక్కన ఆరేసిన గుడ్డ సగానికి సగం మాడి ఉంది. మధ్యలో ఎర్రటి అంచు ఇంకా పాకుతోంది. దాన్ని లాగి నీళ్ళ బకెట్లో పడేసింది. తను అప్పటిదాకా ఆ గుడ్డకి నాలుగడుగుల దూరంలో నిలబడి పిండి కలిపింది! నేల మీదే కూలబడిపోయింది. తర్వాత ఆ గుడ్డను పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది, హత్య చేసినదానిలా అటూ ఇటూ చూస్తూ.

ఇంకో భయం కూడా పట్టుకుంది. భర్త క్లారీకి మతిమరుపు మొదలైంది. ఆగస్టు నుంచి రోజూ మధ్యాహ్నం, ప్యాకింగ్ షెడ్డులో పళ్ళపెట్టెలు బిగించే పని వదిలి తిరిగొస్తాడు. "టోపీ మరిచిపోయానే" అంటాడు. వంటిల్లు, పడగ్గది, వెనక వసారా అన్నీ తిరుగుతాడు. టోపీ ఎప్పుడూ తలుపు పక్క మేకుకే ఉంటుంది. తీసుకుని వెళ్ళిపోతాడు. మర్నాడు మళ్ళీ అదే వరస.

"మీ నాన్నకీ ఇలాగే మొదలైంది, గుర్తుందా?" అందోసారి డల్సీ గుబులు ఆపుకోలేక. ఆ ముసలాయన చివరికి తన పేరే మరిచిపోయి కన్నుమూశాడు.

"నాకేం గుర్తుంటుందే, మతిమరుపు కదా" అన్నాడు క్లారీ నవ్వుతూ. డల్సీకి నవ్వు రాలేదు.

ఇలా ఉండగా ఫిబ్రవరి చివర్లో ఓ బుధవారం కూతురు నోలా వచ్చింది, మూడేళ్ళ వెండీని చంకనేసుకుని.

"సోమవారం నుంచి షెడ్డులో పళ్ళ ప్యాకింగు మొదలు. దీన్ని నీ దగ్గర దింపి పోతానమ్మా. సాయంత్రం దాకా ఇంట్లో నువ్వూ ఇదీ ఇద్దరే. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతుంది, నిన్నేం విసిగించదు."

నిద్రపోతుందన్న మాట వినగానే డల్సీకి మాడిన గుడ్డ కళ్ళముందు కదిలింది. పిల్ల గదిలో తలుపేసుకుని పడుకుని ఉంటుంది. తను వంటింట్లో పిండి కలుపుతూ ఉంటుంది. "అలాగే, తీసుకురా" అంది. ఎందుకన్నానా అని నాలుక కరుచుకుంది. ఆదివారంలోగా ఎలాగైనా చెప్పేయాలని ఒట్టేసుకుంది.

కానీ ముందు శనివారం వచ్చింది. ఏటా ఆ శనివారం, అడవి మంటలార్పడానికి వెళ్ళే మగవాళ్ళకి మా ఆడవాళ్ళు ఊరి హాల్లో టీ, ఆపిల్ పై పెడతారు. గురువారమే ఇంటికో బకెట్ పళ్ళు డల్సీ వరండాలో దింపి వెళ్తారు. ఆమె వాటిని మూడు కుప్పలు చేస్తుంది: ఆపిల్ పై చేయడానికి, గుజ్జుకి, పందులకి. తన పళ్ళు పందుల కుప్పలో పడ్డా ఎవరూ కిమ్మనకూడదు, అది కట్టడి. అన్నిట్లోకీ మంచివాటితో బల్ల నడుమ పెట్టే నాలుగు పైలు డల్సీయే తనింట్లో చేస్తుంది.

ఈసారి అన్నిట్లోకీ మంచివి పెర్స్ బకెట్లో ఉన్నాయి. పెళ్ళీపెటాకులూ లేని ముసలాడు పెర్స్. నోట్లోంచి పైపు తీయడు, ఆ పొగకి వాడి ముక్కు చచ్చి ముప్పయ్యేళ్ళయింది. కానీ వాడి గ్రావెన్‌స్టీన్ చెట్టు మాత్రం బంగారం. డల్సీ ఒక పండు నొక్కింది, గట్టిగా ఉంది. కోసింది, ఫట్‌మని తెగింది. నాలుక మీద పులుపు జిల్లుమంది. ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని కళ్ళు కూడా మూసుకుంది. శుక్రవారం ఒక్కతే కూర్చుని తొక్క తీసి, చక్కెర, లవంగం వేసి నాలుగు పైలు కాల్చింది. ఆరోజు క్లారీ టోపీ కోసం రాలేదు. హాల్లో బల్లలు వేయడానికి వెళ్ళాడు.

శనివారం నాలుగింటికి హాలు నిండిపోయింది. మంటలార్పే దళానికి పెద్ద అయిన లెస్ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు. మింగి, కప్పు టీ ఒక్క గుక్కలో తాగేశాడు. పక్కవాడు తిన్నాడు, వాడూ టీ అందుకున్నాడు. పెట్టింది వదిలేయడం మా వాళ్ళ ఇంటా వంటా లేదు, పెట్టిన మనిషి ఎదురుగా ఉంటే అసలే లేదు. ఒకరి తర్వాత ఒకరు తలొంచుకుని మింగుతున్నారు. డల్సీ అది చూసింది. తన ముక్క మళ్ళీ నోట్లో వేసుకుంది. పులుపు, తీపి. ఇంకేముంది ఇందులో? ఏం పెట్టాను వీళ్ళకి?

"ఈసారి అదరగొట్టావు డల్సీ! ఇంకో ముక్క వెయ్యి" అన్నాడు పెర్స్. వాడొక్కడే.

నోలా చెంచాతో పెడుతుంటే వెండీ మొహం తిప్పేసుకుంది. నోలా ఆ చెంచా వాసన చూసింది. తల్లి వంక చూసింది. ఈలోగా థెల్మా వంగి తన పళ్ళెం మీదకి ముక్కు పెట్టింది.

"కిరసనాయిలు!" అంది. "ఒరేయ్ పెర్స్, ఈ బకెట్ ఎక్కడ పెట్టావురా?"

"ఎక్కడ పెడతాను? షెడ్డులో, ట్రాక్టరుకి పోసే కిరసనాయిలు డబ్బా పక్కన."

హాలంతా ఒక్కసారి ఊపిరి తీసుకుని నవ్వింది.

"నీ నిర్వాకం మండ!" అని కేకలేసింది థెల్మా. "పచ్చి కాయలో తెలీదు, కాలిస్తేగానీ వాసన బయటపడదు. పాపం డల్సీ మాత్రం ఏం చేస్తుంది? వీణ్ణి తన్నాలి."

పచ్చి కాయలో తెలీదట! ఉల్లిపాయ వాసన మెట్ల దగ్గరే పట్టిన మనిషి గురించి అంటోంది ఆ మాట, అందులోనూ థెల్మా. తప్పించుకోమని చేతికి తాడు అందిస్తోంది. లెస్ కూడా తలూపాడు. నోలా మొహంలో కళ తిరిగొచ్చింది.

"పోనీలే అమ్మా, నీ తప్పేముంది" అంది. "సోమవారం వెండీని ఏడింటికల్లా తెస్తాను, సరేనా?"

సరే అంటే చాలు. హాలు మళ్ళీ టీలో పడిపోతుంది, నింద పెర్స్ మోస్తాడు, ఏటా పళ్ళ బకెట్లు వరండాకి వస్తూనే ఉంటాయి. డల్సీ వెండీని చూసింది. ఆ పిల్ల పెదవి మీద అంటిన గుజ్జును మడత పెట్టిన చేతిగుడ్డతో తుడుచుకుంటోంది. పొయ్యి పక్కన మాడిందీ సరిగ్గా అలాంటి గుడ్డే.

"తేవద్దు" అంది డల్సీ. ఆ మాట ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి మళ్ళీ అంది. "నోలా, పిల్లని నా దగ్గరికి తేవద్దు. నాకు వాసన తెలీదు. జులై నుంచి ఏ వాసనా తెలీదు. పొగ కూడా. జనవరిలో పొయ్యి దగ్గర గుడ్డ కాలిపోతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. పెర్స్‌ని ఏమీ అనకండి. ఇన్నాళ్ళూ మిమ్మల్నందర్నీ మోసం చేశాను. నాకు భయమేసింది."

మంటలతో పోరాడి వచ్చిన నలభైమంది మగవాళ్ళు పొగ తెలియదన్న మాటకి బిక్కచచ్చిపోయి చూస్తున్నారు. ఏడు నెలలుగా డల్సీ ఏ చూపులకి భయపడిందో ఆ చూపులే ఇవి.

వెనక బల్ల దగ్గర క్లారీ లేచాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆగస్టులో పాలు పొంగి పొయ్యి మీద మాడిపోయాయి. వాకిట్లోకే కొట్టింది కంపు. లోపలికొస్తే నువ్వు పొయ్యికి వీపు పెట్టి మేజోడు కుట్టుకుంటున్నావు. నువ్వు చూడకుండా గిన్నె పెరట్లోకి పట్టుకుపోయి తోమేశాను. నీ అంతట నువ్వు చెప్పేదాకా అడగబుద్ధి కాలేదు. అడిగితే నువ్విక పండు ముట్టుకోవేమోనని నా భయం." చేతిలో టోపీ పైకెత్తి చూపించాడు. "అందుకే టోపీ వదిలేసి వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం ఓసారి వచ్చి ఇల్లంతా వాసన చూసి పోవడానికి."

డల్సీ కూర్చుండిపోయింది. థెల్మా వచ్చి పక్కన కూలబడి, భుజం మీద ఒక్కటిచ్చింది.

"పిల్లని తీసుకురావే నోలా. సోమవారం నుంచి నేనూ వచ్చి కూర్చుంటాను. దేవుడు నాకు పొడుగు ముక్కు ఇచ్చాడట కదా, ఇద్దరికీ సరిపోతుంది. ఇకనుంచి పళ్ళ వాసన నేను చూస్తాను, మీ అమ్మ నొక్కి చూస్తుంది. ఉల్లిపాయ పళ్ళొస్తే మాత్రం నేను చెప్పను."

అప్పుడు హాలు నవ్వింది. డల్సీ మొహం గుడ్డలో పెట్టుకుని ఏడ్చింది.

సోమవారం వెండీ వెనక గదిలో నిద్రపోయింది. థెల్మా వరండాలో కూర్చుని, అడగకుండానే పొయ్యి మీదున్న ప్రతి గిన్నెకీ పేరుపేరునా వంక పెట్టింది. సరిగ్గా పన్నెండున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. డల్సీ అలవాటుగా మేకు వంక చూసింది. మేకు ఖాళీగా ఉంది.

క్లారీ గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ నెత్తిన పెట్టుకునే. ఒకసారి గట్టిగా గాలి పీల్చాడు.

"ఏమీ లేదే" అన్నాడు. "నీ పని నువ్వు చేసుకో."