అక్కకు ఊటనీళ్లు

దోనెవాడికి లోకంలో ఎవరన్నా లెక్కలేదు. ఏటికి ఎదురుగా ముప్పావుగంట తెడ్డువేస్తే, బండల సందున గిన్నెంత ఊట ఒకటి వస్తుంది. దానికోసం జనం ఎగబడుతున్నారంటే వాళ్లకి ఇంట్లో పనీపాటా లేదని అతని తీర్మానం. పైకి మాత్రం, "ఈ నీళ్లు తాగితే రాళ్లు తిన్నా అరుగుతాయండీ" అని ఊరించేవాడు.

బండలు పాచిపట్టి జారతాయి గనక ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. సీసాలు అందుకుని తనే నింపి ఇచ్చేవాడు. అందులో మోసం లేదు. కళ్లెదుటే నింపాలి మరి!

మోసమంతా ఇంటికి దాచాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి పెంచింది. ఆవిడకు ఏం తిన్నా కడుపులో మంట. తమ్ముడు ఊరందరికీ చెప్పే మాట నమ్మి, నీలంమూత సీసా ఒకటి చేతికిచ్చింది. తొలిరోజే మర్చిపోయి, వస్తూ వస్తూ రేవులో కుళాయి దగ్గర పట్టేశాడీ ఘనుడు. అక్క గటగటా తాగి, "ప్రాణం లేచొచ్చిందిరా" అంది. అక్క కూడా ఆ జనం బాపతే అని లోలోపల నవ్వుకున్నాడు. అప్పట్నుంచి ఎనిమిది నెలలు కుళాయి నీళ్లే. పెంచిన చేతికి ఆ మాత్రం చెయ్యొద్దూ!

ఒకరోజు పొద్దున్నే అక్క ఆ సీసాతో రేవుకొచ్చింది.

"నాకింత మేలు చేసిన నీళ్లు ఒకసారి కళ్లతో చూడాలిరా."

"చూడ్డానికేముందక్కా అక్కడ? జారిపడతావు."

అప్పటికే దోనెలో, మంచంపట్టిన భర్తకోసం క్యాన్ తెచ్చుకున్న పంతులమ్మ ఉంది. ఆవిడ ముందు కాదనలేకపోయాడు. నీళ్లు నీళ్లే, ఈవిడకేం తెలుస్తుందిలే అని దారంతా ధైర్యం చెప్పుకున్నాడు.

ఊట దగ్గర పంతులమ్మ క్యాన్ నింపి ఇచ్చాడు. అతను వారిస్తున్నా అక్క చెప్పులు విడిచి బండమీదికి దిగింది. దోసిలితో తాగింది. చల్లగా, కాస్త ఇనుపరుచితో ఉన్నాయి నీళ్లు. మళ్లీ తాగింది. సీసాలో మిగిలిన నిన్నటి నీళ్లు ఒక గుక్క తాగి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఏ కుళాయిరా?"

"రేవుదక్కా. అవీ మంచినీళ్లే. నువ్వే బాగున్నాయన్నావు కదా..."

"నువ్వు తెచ్చావని అన్నాను."

గొంతు పెంచలేదు. సీసా ఒంపేసి, కడిగి, వంగి తనే నింపుకుంది. తర్వాత దోనె వైపు చెయ్యి చాపింది.

"మీవి మీరే పట్టుకోండమ్మా. నా చెయ్యి పట్టుకుని దిగండి."

క్యాన్‌లోవి ఊటనీళ్లేనని చెప్పడానికి దోనెవాడు నోరు తెరిచాడు. పంతులమ్మ అప్పటికే క్యాన్ ఏట్లోకి ఒంపేస్తోంది.